బడి విడిచినంక ఒక గంట
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మాకు మైకు కొత్త. రాసుకొచ్చింది చదువుతాం, మధ్యలో నోటికొచ్చింది కూడా చెబుతాం, ఏమీ అనుకోవద్దు. మాకు ఇచ్చిన అంశం "బడికి సంఘం చేయూత". మాకంటే ముందు మాట్లాడిన అక్కలు రంగులు, ఫ్యాన్లు, బెంచీల గురించి చెప్పారు. అవి మేమూ చేశాం. కానీ ఇప్పుడు మా ఊరి ప్రాథమిక బడిలో, బడి విడిచినంక జరిగే ఒక గంట గురించి చెబుతాం. దాంట్లో మేము చేసిన తప్పులు కూడా చెబుతాం. మీరు మొదలుపెట్టేటప్పుడు అవే మళ్ళీ చేయొద్దని.

2023 జులై నెల సంఘం మీటింగులో ఇది మొదలైంది. మా సంఘంలో ఒక అక్క ఉంది. భర్త చనిపోయాడు, వేలిముద్ర మనిషి. నాలుగో తరగతి చదివే బిడ్డను వెంటబెట్టుకుని మీటింగుకు వచ్చింది. పాసు పుస్తకం బిడ్డ చేతికిచ్చి, "చదువు బిడ్డా, మనది ఎంతుందో అక్కలకు చెప్పు" అంది. ఆ పిల్ల వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "పొ... దు... పు" అని చదివింది. తర్వాత గడిలో "అప్పు" అని ఉంది. అక్కడ ఆగింది. దాని పక్క గడిలో "వడ్డీ". అక్కడా ఆగింది. తల్లి ముఖం చూసి తల దించుకుంది. మాలో ఒక ముసలమ్మ నవ్వుతూ, "అప్పుకాడ, వడ్డీకాడ ఆగిందా? మనమూ ఆడనే ఆగినం గదా" అంది. అందరం నవ్వాం. తల్లి మాత్రం నవ్వలేదు.

మీటింగు అయిపోయినంక మా ఇండ్లల్లో పిల్లలను కూర్చోబెట్టి అదే పాసు పుస్తకం చదవమన్నాం. వ్యాన్‌లో ప్రైవేటు బడికి పోయే పిల్లలు కూడా ఒత్తుల దగ్గర తడబడ్డారు. అది చూసినంక సర్కారు బడి ఒక్కదాన్నే అనడానికి మాకు నోరు రాలేదు.

అయినా మేము మొదట చేసింది ఏందంటే, ఆగస్టు పదిహేనుకు చందాలు వేసి బడికి ఒక పెద్ద గోడ గడియారం, పిల్లలకు ప్లేట్లు, గ్లాసులు బహుమతులు ఇచ్చాం. ఫోటో దిగాం. ఆ ఫోటో పోయినేడు ఇదే నివేదికలో వచ్చింది. పెద్ద సారు తీసుకున్నాడు, దండం పెట్టాడు. తర్వాత మెల్లగా, "గడియారం మంచిగుందమ్మా, దాంట్లో టైం చూడొచ్చిన పిల్లలు ఎంతమందో ఒకసారి అడగండి" అన్నాడు. అడిగాం. ఐదో తరగతిలో ముగ్గురు చెప్పారు.

సారు మీద కోపం తెచ్చుకునేటట్టు కూడా లేదు. మా బడిలో 47 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరే టీచర్లు. మేడం ట్రైనింగుకు పోతే ఐదు తరగతులూ సారు ఒక్కడే చూడాలి. ఒకటో తరగతికి 'అ' దిద్దిస్తుంటే ఐదో తరగతి కొట్లాడుతుంటది. మనం ఇంట్లో ఇద్దరు పిల్లలతోనే వేగలేం గదా అక్కలారా. సర్కారు 2022 ఆగస్టు 15 నుంచి తొలిమెట్టు అని కార్యక్రమం పెట్టింది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూసి అక్కడి నుంచి నేర్పాలని దాని ఉద్దేశం. సారు చేస్తున్నాడు. కానీ ఒకే గదిలో మూడు మెట్ల మీద నిలబడ్డ పిల్లలకు ఒక్క మనిషి చాలడు.

అందుకే సాయంత్రం ఒక గంట సంఘం తరఫున చదువు పెడదామని తీర్మానం రాశాం. ఇక్కడే మా పెద్ద తప్పు.

ఊర్లో అందరికీ ఇంగ్లీషు కావాలె. వ్యాన్‌లు ఊర్లోకి వస్తున్నది కూడా ఇంగ్లీషు పేరు మీదనే. మేమూ స్పోకెన్ ఇంగ్లీషు పెట్టాం. డిగ్రీ చదివిన ఆడపిల్లను మాట్లాడి నవంబరు నుంచి మొదలుపెట్టాం. మొదటి వారం బడి నిండా పిల్లలే. తల్లులు కిటికీల దగ్గర నిలబడి చూశారు. పిల్లలు లేచి నిలబడి పేరు, ఊరు, తల్లి పేరు ఇంగ్లీషులో చెబుతుంటే మాకు కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. సంక్రాంతి దాటే వరకు తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిది మందీ ముందే చదవొచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు వెనక కూర్చుని, తర్వాత గోడ పక్కన ఆడుకుని, తర్వాత రావడమే మానేశారు. పాసు పుస్తకం చదవలేని పిల్ల నాలుగు రోజులే వచ్చింది. వాళ్ళ అమ్మను అడిగితే ఏమన్నదో అట్లనే చెబుతాం: "మావోళ్ళకు తెలుగే రాకపాయె. మీరు ఇంగ్లీషుల బొమ్మలెక్క నిలబెడితిరి."

ఆ మాట మాకు మూడు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. సంఘం పైసలు పెట్టి, వచ్చినవాళ్ళకే ఇంకొంచెం నేర్పాం. ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్ళను ఇంటికి పంపాం. ఫిబ్రవరిలో ఆపేశాం.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ సంఘం అధ్యక్షురాలే కమిటీకి చైర్‌పర్సన్, పెద్ద సారు కన్వీనర్. అప్పటిదాకా బడికి పోతే గేటు దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేవాళ్ళం. ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నిజానికి విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని రాసి ఉంది. మనకు ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. మన సంఘాల ఆడవాళ్ళు 2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నారు. అన్నేళ్ళు బడి వంటగది దాకా పోయిన మనం తరగతి గదిలోకి తొంగి చూడలేదు.

2024 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ముందు సారును, మేడంను అడిగాం, ఎట్ల చేయాలె అని. మేడం ఒక కాగితం ఇచ్చింది. పైన అక్షరాలు, దాని కింద ఒత్తులు లేని మాటలు, దాని కింద ఒత్తుల మాటలు, చివర నాలుగు వాక్యాల చిన్న కథ. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టాం. సాయంత్రం ఉంటామన్న 34 మందిలో 13 మంది అక్షరాల దగ్గరే ఉన్నారు. 12 మంది ఒత్తులు లేని మాటల దగ్గర ఆగారు. కథ చదివింది తొమ్మిది మంది. ఆ 13 మందిలో ఐదో తరగతి పిల్లలు కూడా ఇద్దరున్నారు.

ఏ తరగతి అని అడగకుండా మూడు గుంపులు చేశాం. ఐదో తరగతి పిల్లగాడు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడ్డాడు. వాడికి చాక్‌పీసుల డబ్బా, చాపలు పరిచే పని అప్పజెప్పాం. సిగ్గు కొంచెం తగ్గింది. డిగ్రీ చెల్లె అక్షరాల గుంపును తీసుకుంది. అందరికంటే ఎక్కువ చదివిన మనిషి అందరికంటే వెనకబడ్డ పిల్లల దగ్గర ఉండాలని మేము పట్టుబట్టాం. మిగతా రెండు గుంపులను ఊరి కోడళ్ళు ఇద్దరు చూస్తారు. ఒకామె టెన్త్ పాస్, ఒకామె ఇంటర్ ఫెయిల్.

ఒత్తుల సంగతి కొంచెం చెబుతాం, ఇది మాకే ఆశ్చర్యం అనిపించింది. పుస్తకంలో ఒత్తులు చివరకు వస్తాయి, కష్టం అని. కానీ పిల్లలు పుట్టినకాడి నుంచి పలికే మాటలు చూడండి. అమ్మ, అక్క, అవ్వ, తల్లి, బువ్వ తర్వాత తెలిసే రొట్టె, బర్రె, గొర్రె, పత్తి, అన్నీ ఒత్తులే. డిగ్రీ చెల్లె అందుకని ఇంకో దారి పట్టింది. గురువారం గురువారం ఒక ముసలమ్మను బడికి పిలుస్తాం. ఆమె కథ చెబుతుంది, లేకపోతే జొన్నరొట్టె ఎట్ల కొట్టాలో, బర్రె ఈనినప్పుడు ఏం చేయాలో చెబుతుంది. పిల్లలు అదే మళ్ళీ వాళ్ళ నోటితో చెబుతారు. చెల్లె వాళ్ళు చెప్పిన మాటలే పెద్ద చార్టు మీద పెద్ద అక్షరాలతో రాస్తుంది. శుక్రవారం అదే చార్టు పాఠం. ముందే నోటికొచ్చిన మాట కాబట్టి పిల్లలు ధైర్యంగా చదువుతారు. "అవ్వ రొట్టె కొట్టింది" అనేది మా బడిలో ముగ్గురు పిల్లలు మొట్టమొదట చదివిన వాక్యం. ఆ అవ్వ వారం రోజులు ఊరంతా తిరిగి చెప్పుకుంది, నా మీద పాఠం రాసినరు అని.

లెక్కలు కూడా అట్లనే. కుట్టుమిషన్ నడిపే మా సభ్యురాలు టేపు తీసుకుని వచ్చి మీటరు, అర మీటరు, పావు మీటరు గుడ్డ మీదనే కత్తిరించి చూపించింది. ముసలమ్మలు మానిక, సోల, తవ్వ తెచ్చి గింజలు కొలిపించారు. ఒక మానికలో రెండు తవ్వలు, ఒక తవ్వలో రెండు సోలలు అని పిల్లలే కొలిచి చెప్పారు. పెద్ద పిల్లలకు నూటికి రూపాయి వడ్డీ, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత అవుతుందో లెక్క ఇచ్చాం. ఒకడు ఇంటికి పోయి వాళ్ళ నాయన తెచ్చిన చేబదులుకు ఏడాదికి ఎంత పోతుందో చెప్పాడట. ఆ నాయన మా మీద కోపానికొచ్చాడు, పిల్లగాళ్ళకు గివన్ని ఎందుకు నేర్పిస్తున్నరని. గోడ గడియారం కూడా ఇప్పుడు పనికొచ్చింది.

ఇక గుడాలు. మధ్యాహ్నం అన్నం తిన్న పిల్లలకు బడి విడిచే వేళకు మళ్ళీ ఆకలి. ఆకలితో ఉన్న పిల్లకు ఒత్తు కనబడదు, ఇంటి దారి కనబడుతుంది. అందుకని వారానికి ఒక సంఘం వంతు పెట్టుకున్నాం. శనగలో, అలసందలో, పెసలో నానబోసి ఉడకబెట్టి తేవాలి. ఈ ఒక్క పని మేము గొప్పగా చెప్పుకుంటాం, రెండేళ్ళలో గుడాలు రాని రోజు నాలుగైదు కంటే ఎక్కువ లేదు.

పైసల లెక్క అడుగుతారు, చెబుతాం. అప్పులకిచ్చే మూలధనం ముట్టలేదు. నెలకు సభ్యురాలికి 20 రూపాయలు అనుకున్నాం. మా ఊర్లో 14 సంఘాలున్నాయి. మూడు సంఘాలు ఇవ్వమన్నాయి. "మా పిల్లలు వ్యాన్‌ల పోతరు, మేమెందుకు ఇయ్యాలె" అన్నారు. బలవంతం చేయలేదు, చేస్తే సంఘమే ఉండదు. 11 సంఘాల నుంచి 118 మంది ఇస్తే 2,360 రూపాయలు. డిగ్రీ చెల్లెకు 2,000. మిగిలిన 360 చార్టులకు, చాక్‌పీసులకు. కోడళ్ళు ఇద్దరికీ ఏమీ ఇవ్వడం లేదు. ఇది మాకు సిగ్గుగానే ఉంది, ఇక్కడ దాచిపెట్టడం లేదు. ఇవ్వమన్న మూడు సంఘాల్లో ఒకటి ఈ ఏడు గుడాల వంతుకు వచ్చింది.

ఇప్పుడు కష్టమైన మాట. మా గద్వాల వైపు సీడు పత్తి సంగతి మీకందరికీ తెలుసు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ పని. సాయంత్రం పూట మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలి, తెల్లారి మగ చెట్ల పూలు తెచ్చి దానికి రుద్దాలి. పొద్దున పనీ, సాయంత్రం పనీ రెండూ బడి టైమునే తింటాయి. చిన్న చేతులు కావాలంటారు, మొక్క ఎత్తుకు పిల్లలే సరిపోతారంటారు. 2024 సెప్టెంబరులో మా సాయంత్రం గంటకు 34 మందికి 12 మంది వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా చాప మీద తల పెట్టి నిద్రపోయారు. వేళ్ళ సందుల్లో పసుపు పచ్చగా పుప్పొడి.

ఆ పిల్లలను చేనుకు పిలిచింది ఎవరు? బయటివాళ్ళు కాదు. సీడు వేసిన రైతుల భార్యలు మా సంఘాల్లోనే ఉన్నారు. కూలికి పంపిన తల్లులు కూడా మా సంఘాల్లోనే ఉన్నారు. సాయంత్రం మేమే చదువు చెప్పించి, పొద్దున మేమే చేనుకు తోలుతున్నాం. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోవద్దు. సొంత ఇంటి పనికి, అదీ బడి అయిపోయినంకనో సెలవుల్లోనో సాయం చేయొచ్చు, అంతే. ఇది గ్రామ సంఘం మీటింగులో చదివి వినిపించాం. బడి పిల్లలను క్రాసింగ్‌కు పెట్టుకోవద్దని తీర్మానం రాశాం. అందరం సంతకాలు, వేలిముద్రలు పెట్టాం.

పది రోజులకు ఇద్దరు పిల్లలు మళ్ళీ చేనులో కనబడ్డారు. ఎవరి చేను అంటే మా గ్రామ సంఘం కమిటీలో ఒకరిది. ఎవరని అడగొద్దు, మాలో ఒకరం. పెద్ద కూలీలు దొరకలేదు, పువ్వు ఆగదు, ఒక్క రోజు దాటితే కాయ పట్టదు, ఇవన్నీ నిజమే. అయినా మీటింగులో నిలబడి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు మీటింగు రాత్రి పది దాటినా అయిపోలేదు.

పాసు పుస్తకం పిల్ల తల్లి అదే మీటింగులో లేచి అడిగింది: "నా బిడ్డ తెచ్చే కూలి బంద్ చేస్తే, మూడు నెలలు నా ఇల్లు ఎవరు నడుపుతరు? మీరిస్తరా?" దీనికి తీర్మానంలో జవాబు లేదు. మా సంఘం అంతర్గత అప్పు కింద ఆమెకు 6,000 ఇచ్చింది, సీజను పైసలు చేతికొచ్చినంక కట్టాలని. ఇట్ల ముగ్గురికి ఇచ్చాం. ముగ్గురిలో ఈమె ఒక్కతే బిడ్డను బడికి తిప్పి పంపింది. మిగతా ఇద్దరు అప్పు తీసుకున్నారు, పిల్లలనూ పంపారు. అప్పు మాత్రం సరిగ్గానే కట్టారు. ఈ ఏడు సీజనులో 29 మందిలో 20 మంది దాకా నిలిచారు. ఆ తొమ్మిది మందికి ఏం చేయాలో మాకింకా తెలియలేదు. ఇక్కడ ఏ ఊరి సంఘమైనా దారి కనిపెట్టి ఉంటే భోజనాల దగ్గర మాకు చెప్పండి.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాం. 2025 ఫిబ్రవరి మీటింగుకు మళ్ళీ తల్లి వెంట వచ్చింది. అప్పటికి ఐదో తరగతి. ఎవరూ అడగకుండానే పాసు పుస్తకం తీసింది. మెల్లగానే చదివింది, అప్పు దగ్గరా వడ్డీ దగ్గరా ఆగలేదు. కానీ డిసెంబరు దగ్గర ఆగింది. మాకు గుండె దిగాలు పడ్డది, మళ్ళీ రాలేదేమో అని. "అక్కా, ఈ నెల పొదుపు రాయలేదు, మా అమ్మ కట్టింది" అంది. లేదు, రాసే ఉంటామన్నాం. మినిట్స్ పుస్తకం తీసి చూశాం. ఆమె 200 కట్టినట్టు అందులో ఉంది. పాసు పుస్తకంలో ఎక్కించింది లేదు. తప్పు మాదే. అప్పటికప్పుడు రాసి సంతకం చేశాం. ఆ తల్లి అప్పుడు నవ్వింది, ఏడాదిన్నర తర్వాత. అదే రోజు సంఘంలో మిగతా పాసు పుస్తకాలన్నీ తీయించి సరిచూశాం, ఇంకో రెండు చోట్ల తప్పులు దొరికాయి.

ఇప్పుడా పిల్ల పక్క ఊరి హైస్కూలులో ఆరో తరగతి. మా డిగ్రీ చెల్లెకు మాఘమాసంలో పెండ్లి కుదిరింది. సంతోషమే, కానీ అక్షరాల గుంపుకు మనిషి కావాలి. 2,000కు ఎవరు వస్తారో చూడాలి. మండల సమాఖ్య నుంచి ఇట్లాంటి పనికి కొంత నిధి పెడితే మూడు వేలు చేస్తాం, కోడళ్ళకు కూడా ఏమన్నా ఇస్తాం. ఈ అర్జీ రాసి తెచ్చాం, అధ్యక్షురాలు అక్క చేతికిస్తున్నాం.

మీ ఊర్లో మొదలుపెట్టాలనుకుంటే ముందు బడి పెద్ద సారు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో, పిల్లలను ఇండ్లకు ఎవరు చేర్చాలో అందులో రాయించుకోండి. చీకటి పడేలోపు వదలండి. చూడాలనుకుంటే గురువారం సాయంత్రం రండి, ముసలమ్మ కథ ఉంటది. ఎంతమంది వస్తున్నారో ముందు రోజే ఫోన్ చేయండి, గుడాలు నానబోయాలె.